కుయ్యిగాడి వాసన గుడ్డ

ఒక పెద్ద అడవి ఉండేది. ఆ కొస నుంచి ఈ కొసకు రావడానికి ఏనుగుకు రెండు రోజులు పట్టేది, అర్జీకి రెండేళ్లు పట్టేది. ఏనుగు తిన్నగా నడుస్తుంది మరి. అర్జీ అలా కాదు. ప్రతి బొరియ దగ్గరా ఆగి సంతకం వేయించుకోవాలి, ఆ సంతకం సరిగ్గా పడలేదని ఇంకో బొరియ దగ్గర తెలుసుకోవాలి, వచ్చిన దారినే వెనక్కి పోవాలి.

ఆ అడవికి ఒక సభ, సభకు ఒక అధ్యక్షుడు. ఆయన పేరు గుబురప్ప, ఎలుగుబంటి. ఆయన అధ్యక్షుడెలా అయ్యాడో చెబితే నవ్వకండి. మొదటి సమావేశం రోజున అందరికన్నా ముందొచ్చి, అన్నిటికన్నా పెద్ద మొద్దు మీద కూర్చుని నిద్రపోయాడు. లేపే ధైర్యం ఎవరికీ చాలలేదు. సాయంత్రం దాకా చూసి, ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు రాసేసుకున్నారు.

రాసింది ఏదుపంది ములుకయ్య. సభకు గుమాస్తా. ఒంటినిండా కలాలే కనక ఆ ఉద్యోగం ఆయనకు పుట్టుకతోనే రాసిపెట్టి ఉంది. టేకాకుల మీద రాసేవాడు, ఆకులన్నీ కలిపి కుట్టి ఫైలు చేసేవాడు, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఆ ఫైలు మీదే కూర్చునేవాడు. అందుకే ఆ అడవిలో ఏ ఫైలు తెరిచినా జల్లెడలా ఉండేది.

మాఘమాసం వెళ్లీ వెళ్లకముందే ఆ ఏడు ఏరు ఎండిపోయింది. ఒక్క మడుగు మిగిలింది. మడుగు పక్కన ఒక నల్లబండ. ఎక్కడి నుంచి వచ్చిందో ఏమో, ఒక చిరుతపులి వచ్చి ఆ బండ మీద మకాం పెట్టింది. నాలుగు రోజులకోసారి ఎవరో ఒకరు నీళ్లకని వెళ్లి తిరిగి వచ్చేవారు కాదు. హాజరు పట్టీలో వాళ్ల పేరుకెదురుగా ములుకయ్య 'సెలవు' అని రాసేవాడు.

అప్పుడే దుప్పి బొట్లమ్మకు పిల్ల పుట్టింది. పిల్ల పాలు తాగుతుంది కాబట్టి దానికి నీళ్లక్కర్లేదు, పాలిచ్చే తల్లికి కావాలి. బొట్లమ్మ రోజూ తెల్లవారుజామున, గాలి బండ మీది నుంచి తన వైపు వీస్తున్నప్పుడు చూసి, ప్రాణాలు ఉగ్గబట్టుకుని నాలుగు గుక్కలు తాగి వచ్చేది. రెండు నెలలు పోతే పిల్ల కూడా మడుగుకు రావాల్సిందే. దానికింకా పరుగు రాదు, గెంతడమే వచ్చు. గెంతే పిల్ల చిరుత కంట పడితే ఏమవుతుందో తలుచుకుంటే బొట్లమ్మకు మేత సహించేది కాదు.

బొట్లమ్మ సభకు అర్జీ పెట్టుకుంది. ములుకయ్య అందుకుని, చదివి, దానిమీద కూర్చున్నాడు.

ఒకరోజు పొద్దున్న వేటగాళ్ల జీపొకటి అడవిదారిలో పోతూ గుంటలో పడి లేచింది. జీపు లేచింది గానీ, వెనక పెట్టిన గోనెసంచి లేవలేదు. దార్లో పడిపోయిన ఆ సంచిలోంచి కుయ్ కుయ్ మని చప్పుడు. బొట్లమ్మే ముందు చూసింది. సంచిని మూతితో తిరగేస్తే చెవులు వేలాడేసుకుని, బొజ్జ ముందుకు పెట్టుకుని ఒక కుక్కపిల్ల బయటికొచ్చింది. వేటకుక్క పిల్ల. అది బొట్లమ్మను చూసి భయపడలేదు, మొరగలేదు. నేరుగా వచ్చి పొదుగు వెతుక్కుంది. పిల్లతల్లి కదా, కాదనలేకపోయింది. ఆ చప్పుడును బట్టి దానికి కుయ్యిగాడని పేరు పెట్టి, సంచితో సహా సభకు తీసుకొచ్చింది.

సభలో సగంమంది చెట్లెక్కారు. నక్క వినయరావు మాత్రం ఎక్కలేదు, ఎక్కడం రాదు. ఆయన చేతులు కట్టుకుని, పామును పాలు పోసి పెంచడం పెద్దలు వద్దన్నారని, దీన్ని ఎక్కడ దొరికిందో అక్కడే పారేయడం మంచిదని మనవి చేశాడు. వినయరావు ఏం చెప్పినా మనవి చేసినట్టే ఉంటుంది. ఆ వినయం చూసే చాలామంది మోసపోయారు.

అప్పుడు కొండముచ్చు కొమ్మల మాస్టారు పైకొమ్మ నుంచి కిందికొమ్మకు దిగాడు. వేటగాళ్లు కుక్కల్ని ఎలా తయారు చేస్తారో ఆయన పదిహేనేళ్లుగా చెట్టు మీంచి చూస్తున్నాడు. చూడటమే తప్ప చేసింది లేదు. అయినా చూసినవాడు కూడా అడవిలో ఆయనొక్కడే.

"దీన్ని నాకప్పగించండి. రెండు నెలల్లో వేటకుక్కను చేసి చిరుత మీదికి పంపిస్తాను" అన్నాడు మాస్టారు. "కుక్క చిరుతను చంపనక్కర్లేదు. మొరిగితే చాలు. చిరుత బతుకంతా చాటుమాటు మీదే. తనెక్కడుందో అందరికీ తెలిసిపోయిన చోట ఒక్క పూట ఉండదు."

ఈ ఒక్క మాటా సభ వింటే కథ ఇక్కడే అయిపోయేది. సభలు వినేందుకు పెట్టుకున్నవి కావు కదా.

కుక్కపిల్లను పెంచాలని తీర్మానం అయింది. పోషణ ఎవరిదన్న ప్రశ్న వచ్చేసరికి అందరూ ఆకాశం వైపు చూశారు. అర్జీ పెట్టినవాళ్లే పోషించుకోవాలని రూలుందన్నాడు ములుకయ్య. రూలు ఎక్కడుందని మాస్టారు అడిగితే, తాను కూర్చున్న ఫైల్లో ఉందన్నాడు. లేచి చూపించమనడం మర్యాద కాదని ఎవరూ అడగలేదు. బొట్లమ్మ ఒకవైపు పిల్లకు, ఒకవైపు కుక్కపిల్లకు పాలివ్వడం మొదలుపెట్టింది. అంటే తెల్లవారుజామున నాలుగు గుక్కలు తాగేది ఇప్పుడు ఎనిమిది తాగాలి, చిరుత కళ్లెదుట అంతసేపూ నిలబడాలి.

ఆ తర్వాత సవరణలు మొదలయ్యాయి. కుక్క తమను తరమకూడదని కుందేళ్లు రాయించుకున్నాయి. బురదలో ఉన్నప్పుడు తమ జోలికి రాకూడదని అడవిపందులు, పురి విప్పినప్పుడు అడ్డం రాకూడదని నెమళ్లు, ఎప్పుడూ ఏ సందర్భంలోనూ తన వైపు చూడకూడదని వినయరావు రాయించుకున్నారు. అలా నలభై ఒక్క మినహాయింపులయ్యాక గుబురప్ప నిద్రలేచి, కుక్క మొరిగితే తన మధ్యాహ్నం నిద్ర మాటేమిటని అడిగాడు. సభ సిగ్గుపడింది. ఇంత పెద్ద విషయం ఎలా మరిచిపోయామని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

దాంతో నలభై రెండో సవరణ వచ్చింది. కుక్క మొరగాలనుకుంటే ఒకరోజు ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. ఎందుకు మొరుగుతున్నదీ, ఎన్నిసార్లు మొరుగుతున్నదీ అందులో రాయాలి. ములుకయ్య సంతకం పడ్డాకే మొరగాలి.

"అసలు పనే అది కదండీ" అన్నాడు మాస్టారు.

"అసలు పని కాబట్టే అనుమతి కావాలి. అనవసరమైనవాటికి మేమెప్పుడు అడ్డొచ్చాం?" అన్నాడు ములుకయ్య.

శిక్షణ మొదలైంది. పిలిస్తే రావడం, కూర్చోమంటే కూర్చోవడం, ఉండమంటే ఉండటం. కుయ్యిగాడు పిలిస్తే వచ్చేవాడు, పిలవకపోయినా వచ్చేవాడు. కూర్చోమంటే పడుకునేవాడు. ఉండమంటే దుప్పిపిల్ల తోక వెనకాల పరిగెత్తేవాడు. అది గెంతితే వీడూ గెంతబోయి బోర్లా పడేవాడు. ఒకరోజు ములుకయ్య అటు తిరగగానే ఒక ఫైలు నమిలి మింగేశాడు. ఆ సంవత్సరం పరిష్కారమైన ఫైలు అదొక్కటే.

అయినా మాస్టారు పట్టు వదల్లేదు. పదిహేను రోజులకు వాడు కూర్చోమంటే కూర్చోవడం నేర్చాడు. ఇక వాసన పాఠం చెప్పాలి. వేటకుక్కకు ఏ జంతువును పట్టడం నేర్పాలో ఆ జంతువు వాసన పట్టించిన గుడ్డ కావాలి. ఆ గుడ్డను నేలమీద ఈడ్చి ఎక్కడో దాచితే, కుక్క వాసన పట్టుకుంటూ పోయి దాన్ని వెతకాలి. దొరికిన ఆ క్షణంలోనే నోట్లో తీపి పడాలి. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో కుక్కకు తెలియదు. కిటుకంతా ఇంతేనని మాస్టారు చెప్పాడు. గుడ్డకేం, కుయ్యిగాడొచ్చిన గోనెసంచి ముక్క ఉంది. దానికి చిరుత వాసన పట్టించాలి. చిరుత పడుకునే చోటికి పోయి ఆ ముక్కను రుద్దుకొచ్చేదెవరు?

సభ్యులు ఒకరి వెనక ఒకరు నక్కారు.

వినయరావు లేచాడు. ప్రాణం పోయినా సభ కోసం పోతానని, అయితే పోయేటప్పుడు ఒట్టి వినయరావుగా పోతే బాగుండదని, ఏదైనా పదవి ఉంటే చిరుతకు కూడా గౌరవంగా ఉంటుందని మనవి చేశాడు. అప్పటికప్పుడు ఆయన్ని వాసనాధికారిగా నియమించారు. మెడలో మోదుగుపూల దండ వేసి, గోనెముక్క నోటికిచ్చి సాగనంపారు.

వాసనాధికారి మడుగు దాకా వెళ్లాడు. పొదచాటు నుంచి తొంగి చూశాడు. బండ మీంచి ఒక తోక కిందికి వేలాడుతూ కనిపించింది. తోక కొస ఒక్కసారి కదిలింది. అంతే, ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తి, ఎక్కడికొచ్చి ఆగాడో చూసుకుంటే గుబురప్ప గుహ.

గుబురప్ప మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. నిరుటి వానల్లో తడిశాక ఆయన ఒంటిమీద మళ్లీ నీళ్లు పడలేదు. దానికి తోడు పాత తేనె, పులిసిన ఇప్పపూలు, చెమట. గుహ గుమ్మంలోనే వినయరావుకు కళ్లు తిరిగాయి. అడవిలో ఇంతకన్నా ఘాటైన వాసన ఇంకొకటి లేదనీ, ఘాటుగా ఉన్నదే క్రూరంగా కూడా ఉంటుందనీ ఆయనకు తోచింది. ముక్కు మూసుకుని, గోనెముక్కను ఎలుగుబంటి పడక మీద అటూ ఇటూ బాగా రుద్ది, కాస్త కుంటుకుంటూ సభకు వచ్చాడు. కుంటకపోతే ఎవరు నమ్ముతారు?

గుడ్డను పరీక్షించి అది చిరుతదే అని ధ్రువీకరించాలి. ఇందులో ఒక చిక్కుంది. చిరుత వాసన దగ్గర నుంచి చూసిన సభ్యులెవరూ సభ్యులుగా మిగల్లేదు. అయినా అధ్యక్షుడు కాబట్టి ముందు గుబురప్పే వాసన చూశాడు. ఒళ్లు జలదరించింది.

"అబ్బ, ఎంత క్రూరమైన వాసన. వీడెవడో పచ్చి దుర్మార్గుడు" అన్నాడు. మళ్లీ ఒకసారి చూసి, "ఎక్కడో పరిచయం ఉన్నట్టుంది" అన్నాడు.

"తమరు ఎన్నిసార్లు ఆ మృగాన్ని ఎదిరించి ఉంటారు, పరిచయం ఉండదా దొరా" అన్నాడు వినయరావు.

గుబురప్ప జన్మలో చిరుతను ఎదిరించలేదు. కానీ పదిమందిలో అన్నాక కాదనలేకపోయాడు. అవునవును అంటూ సంతకం పెట్టాడు. అధ్యక్షుడు పెట్టాక మిగతావాళ్లు వాసన చూడకుండానే పెట్టారు. మాస్టారు కూడా పెట్టాడు. ఆయనకు గుడ్డ కావాలి, పాఠం మొదలవ్వాలి.

బొట్లమ్మ మాత్రం గుడ్డను మూతికి దగ్గరగా పెట్టుకుని చూసింది. రోజూ తెల్లవారుజామున ఆ గాలి పీల్చి బతుకుతున్నది ఆమె ఒక్కతే.

"ఇది ఆయన వాసన కాదండీ. ఆయన తిరిగిన చోట కొత్తబియ్యం ఉడికినట్టు కమ్మగా ఉంటుంది" అంది.

సభంతా నవ్వింది. అన్నం వాసన వచ్చే క్రూరమృగం ఎక్కడైనా ఉందా అని నెమళ్లు పురి కిందపడేసి మరీ నవ్వాయి. ములుకయ్య నవ్వలేదు, ఆయన డ్యూటీలో ఉన్నాడు. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా వాసనాధికారికి రాసి ఇవ్వాలని, వాసనాధికారి వాటిని పరిశీలించి కొట్టేస్తారని ఆమెకు చెప్పాడు.

చంకన ఒకటి, గుమ్మంలో ఒకటి పిల్లలున్న తల్లికి పోట్లాడే ఓపిక ఎక్కడిది? బొట్లమ్మ ఇంటికి పోయింది. పోతూ, ఏమో, అంతమంది పెద్దలకు తెలియదా అని కూడా అనుకుంది పాపం.

ఇక చూడండి కుయ్యిగాడి ప్రతాపం. గుడ్డ చూపించడమే ఆలస్యం, ముక్కు నేలకానించి బాణంలా పోయేవాడు. మాస్టారు దాన్ని పుట్టలో దాచినా, తొర్రలో దాచినా, తీగకు కట్టి చెట్టు మీంచి వేలాడదీసినా వెతికి పట్టేవాడు. కొన్నిసార్లు గుడ్డను పట్టించుకోకుండా ఇంకా దూరం పోయి, గుబురప్ప గుహలో దూరి, ఆయన నడుం దగ్గర పంజా వేసి తోక ఊపేవాడు. శిష్యుడికి అధ్యక్షులవారంటే అపారమైన గౌరవమని ములుకయ్య రోజువారీ నివేదికలో రాశాడు. గుబురప్ప పొంగిపోయాడు. వచ్చినప్పుడల్లా తన చేత్తో తానే ఒక తేనెపట్టు ముక్క విరిచి వాడి నోట్లో పెట్టేవాడు, అదీ వచ్చిన ఆ క్షణంలోనే.

ఇంత శ్రద్ధగా కుక్కకు నేర్పిన అధ్యక్షుడు మరో అడవిలో లేడు.

చివర్న పరీక్ష జరిగింది. చిరుత అంటే ఏమిటో నిర్వచించమని కుయ్యిగాణ్ణి అడిగారు. వాడు తోక ఊపాడు. వాణ్ణి ఫెయిలు చేస్తే మళ్లీ పరీక్ష పెట్టాలి, దానికో కమిటీ వేయాలి. అందుకని ఫస్టు క్లాసు ఇచ్చి యోగ్యతాపత్రం రాసి, దానిమీదా గుబురప్ప చేత సంతకం పెట్టించారు.

వైశాఖం వచ్చింది. బొట్లమ్మ పాలు తగ్గిపోయాయి, పిల్ల నోరు తడారిపోతోంది. అది ఇక నీళ్లకు రాక తప్పదు. సభ ఒక మంచిరోజు చూసి కార్యక్రమం పెట్టింది. పొద్దున్నే అందరూ మడుగు ఒడ్డున చేరారు. బండ మీద చిరుత ముందు కాళ్ల మీద గడ్డం ఆనించుకుని పడుకుని చూస్తోంది. ఇంతమంది ఒకేసారి భోజనానికి రావడం దానికీ కొత్తే. అందులో ఎవరిని ముట్టుకున్నా మిగతావాళ్లు బెదిరిపోతారని ఊరుకుంది.

పెద్దలకు పిల్లల చేత దండ వేయించడం సభ సంప్రదాయం. అర్జీదారు బిడ్డే వేస్తే నిండుగా ఉంటుందని బొట్లమ్మ పిల్ల మెడకు మోదుగుపూల దండ తగిలించి ముందు నిలబెట్టారు. దాని చూపంతా నీళ్ల మీదే ఉంది. గుబురప్ప ఒడ్డుకు దొర్లించి తెచ్చిన తన మొద్దు ఎక్కి, ధైర్యం గురించి చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడటం అయ్యాక మాస్టారు గుడ్డ తీసి కుయ్యిగాడి ముక్కు దగ్గర పెట్టి, చిరుత వైపు చెయ్యి చూపించి "ఉస్కో" అన్నాడు.

కుయ్యిగాడు గుడ్డను గట్టిగా పీల్చాడు. బండ వైపు ఒకడుగు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఒక్క ఉరుకున మొద్దెక్కి గుబురప్ప పిర్ర పట్టుకున్నాడు.

అధ్యక్షుడు పెట్టిన కేక పక్క అడవిలో కూడా వినబడింది. మొద్దు దిగి, మైదానమంతా రెండు చుట్లు పరిగెత్తి, ఒడ్డునున్న మద్దిచెట్టెక్కి కూర్చున్నాడు. కుయ్యిగాడు చెట్టుకింద కూర్చుని పైకి చూస్తూ, తేనె కోసం నాలుక చాపాడు.

ఏం జరిగిందో అందరికీ అర్థమైంది. అదే వాళ్ల భయం కూడా. గుడ్డ తప్పంటే దానిమీద అందరి సంతకాలూ ఉన్నాయి. శిక్షణ తప్పంటే యోగ్యతాపత్రం ఉంది. వాసనాధికారిదే తప్పంటే ఆయన్ని నియమించిన తీర్మానం ఉంది. మాస్టారు నోరు తెరిచాడు గానీ, ఫస్టు క్లాసు గుర్తొచ్చి, తోక సర్దుకుని పక్క చెట్టు పైకొమ్మ ఎక్కాడు. అందరూ ములుకయ్య వైపు చూశారు.

ములుకయ్య ఫైలు తిరగేశాడు. "రికార్డు ప్రకారం గుడ్డ చిరుతది. కుక్క ఫస్టు క్లాసుది. గుడ్డలో ఉన్న వాసన గలవారినే కుక్క పట్టుకుంది. కాబట్టి చెట్టు మీదున్నది చిరుత" అన్నాడు.

"ఒరేయ్ ములుకయ్యా, నేనురా గుబురప్పని" అన్నాడు గుబురప్ప పైనుంచి.

"అధ్యక్షులవారి గొంతులానే ఉంది. ఇలాంటి గొంతు చిరుతలకు వస్తుందా అన్నది తర్వాత పరిశీలిద్దాం. గోళ్లు పొడుగ్గా ఉన్నాయి. చెట్టు చకచకా ఎక్కేశాడు. ఇవి మాత్రం చిరుత లక్షణాలే" అని ములుకయ్య రాసుకున్నాడు.

బొట్లమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "అయ్యా, చిరుత బండ మీద ఉంది కదా. ఒళ్లంతా మచ్చలు కనబడటం లేదా?"

"మచ్చలు నీకూ ఉన్నాయి కదమ్మా" అన్నాడు ములుకయ్య.

బొట్లమ్మ తన ఒంటి మచ్చల వైపు చూసుకుంది.

అప్పుడు వినయరావు రెండు చేతులూ జోడించి ముందుకొచ్చాడు. చిరుత చెట్టు మీదుందని తేలిపోయింది కనక, అధ్యక్షుడి మొద్దు ఖాళీగా ఉంది కనక, అధ్యక్షులవారు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కనక, బండ మీద అంత హుందాగా కూర్చున్నవారే అధ్యక్షులై ఉండాలని మనవి చేశాడు. లెక్క సరిపోయింది. అందరి గుండెలూ కుదుటపడ్డాయి. సంతకాలు నిలబడ్డాయి, పదవులు నిలబడ్డాయి.

చిరుత ఒళ్లు విరుచుకుని లేచింది.

"ఇన్నాళ్లకు గుర్తించారు, సంతోషం" అంది. "దండ వేసే కార్యక్రమం ఏదో ఉన్నట్టుంది. కానివ్వండి."

బండ దిగి, మెల్లగా మొద్దెక్కి కూర్చుంది. వినయరావు దుప్పిపిల్లను వెనక నుంచి తోశాడు. పిల్ల దండతో ఒకడుగు వేసింది, రెండడుగులు వేసింది. చిరుత తల కిందికి వంచింది, దండ కోసమేనన్నట్టు.

బొట్లమ్మకు రూలు గుర్తు రాలేదు, సభ గుర్తు రాలేదు. ముందు కాలితో నేలను దభీమని తన్నింది. దుప్పి జాతి ప్రాణభయంతో చేసే చప్పుడది. ఎవరూ నేర్పరు, ఎవరూ మర్చిపోరు.

మద్దిచెట్టు కింద కుయ్యిగాడు చెవులెత్తాడు. తల్లి తన్నిన వైపు చూశాడు. తనతో పాలు తాగినది, తనతో గెంతులేసినది అక్కడ వణుకుతూ నిలబడి ఉంది. వాడు తేనె మర్చిపోయాడు. గుడ్డ మర్చిపోయాడు. పరిగెత్తుకొచ్చి పిల్లకూ చిరుతకూ మధ్య దూరి, నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టి మొరిగాడు. మొరిగి, మొరిగి, ఊపిరి తీసుకుని మళ్లీ మొరిగాడు. దరఖాస్తు పెట్టలేదు. ఎన్నిసార్లో లెక్కా చెప్పలేదు.

పిల్ల తల్లి దగ్గరికి గెంతింది. చిరుత పంజా ఎత్తింది. అంతలో పైకొమ్మ మీది మాస్టారికి ఏమైందో ఏమో, ఫస్టు క్లాసూ మర్చిపోయి తమ తాతల నాటి ఖక్ ఖక్ అరుపు అరిచాడు. ఆ అరుపు వింటే నెమళ్లు ఆగలేవు, అవీ కూశాయి. అడవిపందులు గుర్రుమన్నాయి. చెట్టు మీది గుబురప్ప కూడా గొంతు కలిపాడు, ఆయనకు వేరే బాధ ఉంది. కొండ అవతల దాకా అడవిలోని ప్రతి కన్నూ చిరుత మీదే పడింది.

చిరుత ఎత్తిన పంజా దించుకుంది. "ఇంత గోలలో ఎవడికి ఆకలేస్తుంది? మీ అడవిలో మర్యాద లేదు" అని చిరాకు పడి, ఏరు దాటి, కొండెక్కి వెళ్లిపోయింది. ఆ వేసవిలోనే కాదు, ఆ తర్వాత కూడా మళ్లీ రాలేదు.

బొట్లమ్మ పిల్ల మడుగులో మూతి పెట్టింది. దానికి నీళ్లు తాగడం తెలియదు. ముక్కుల్లోకి పోయి తుమ్మింది. మళ్లీ పెట్టింది. బొట్లమ్మ దాన్ని చూస్తూ నిలబడింది, తను తాగడం మర్చిపోయి. ఆ రోజు ఆమె కడుపు నీళ్లు లేకుండానే నిండింది.

సభ ఊరుకుంటుందా? మర్నాడే విచారణ జరిగింది. కుయ్యిగాడి మీద మూడు నేరాలు రుజువయ్యాయి. అనుమతి లేకుండా నూటపన్నెండుసార్లు మొరిగాడు. సాక్షాత్తూ అధ్యక్షులవారి ముఖం మీద మొరిగాడు. దానివల్ల అధ్యక్షులవారు మనసు నొచ్చుకుని అడవి విడిచి వెళ్లిపోయారు. వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. వాడు ఆ ఉత్తర్వు టేకాకును కూడా నమిలేసి బొట్లమ్మ వెంట ఇంటికి పోయాడు. అధ్యక్షులవారు తిరిగొచ్చేదాకా మొద్దు మీద ఎవరైనా ఉండాలి కనక వినయరావు కూర్చున్నాడు, వద్దు వద్దంటూనే.

గుబురప్ప తాను ఎలుగుబంటినని ఇరవై అర్జీలు పెట్టుకున్నాడు. చిరుతలు పెట్టే అర్జీలు తీసుకునే రూలు లేదని ములుకయ్య తిప్పి పంపాడు. పదవి పోయాక ఆయనకు మధ్యాహ్నం నిద్ర కూడా పట్టడం మానేసింది. బొట్లమ్మే జాలిపడి, మాతోపాటు నీళ్లకు రండి అంది. ఇప్పుడు రోజూ పొద్దున్న ఆయన మడుగుకొస్తాడు. రాగానే కుయ్యిగాడు వాసన పట్టి, ఉరికొచ్చి, పట్టుకుని, నాలుక చాపి కూర్చుంటాడు. ఆయన మూలుగుతూ తేనెపట్టు ముక్క విరిచి వాడి నోట్లో పెడతాడు. పక్కనే దుప్పిపిల్ల తుమ్మకుండా నీళ్లు తాగుతుంటుంది.

ములుకయ్య దూరం నుంచి ఇదంతా చూసి సంవత్సరాంతపు నివేదిక రాశాడు. వేటకుక్క శిక్షణ పథకం పూర్తిగా విజయవంతమైందనీ, చిరుత లొంగిపోయి ప్రస్తుతం తేనె తిని బతుకుతోందనీ, రోజుకొకసారి కుక్కకు కప్పం కూడా కడుతోందనీ అందులో ఉంది. దానిమీద అందరూ సంతకాలు పెట్టారు.

నీతి: వాసన ఎవరిదైనా పరవాలేదు, సంతకాలు మాత్రం అందరివీ ఉండాలి.